ఐదుగురు అద్వితీయులు

విశ్వవిద్యాలయంలో మైక్రోస్కోపు ల్యాబు పక్కగది. మధ్యాహ్నం రెండున్నర. బల్లకు అటు ప్రొఫెసరు గారు, ఇటు ఆఫీసు సూపర్నెంటు గారు, మధ్యలో నోళ్లు తెరుచుకున్న ఆరు కవర్లు.

“...అదేనండీ నేను మనవి చేసేది. ఆరు కవర్లలో ఐదింట్లో ఒకటే వాక్యం. ‘నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంతటి విద్యార్థిని చూడలేదు.’ ఐదుగురినీ చూడలేదంటే, ముప్పై ఏళ్లూ తమరు ఏం చూసినట్టు అని అడుగుతున్నారు.”

“ఎవరూ?”

“కమిటీవారండీ.”

“వాళ్లకి వేరే పనీపాటా లేదూ?”

“పాట సంగతి తెలీదు గానీ, పని మాత్రం ఇదేనటండీ. చదవడం.”

“సిఫారసు ఉత్తరాలు ఎవరైనా చదువుతారా సూపర్నెంటు గారూ? కింద సంతకం ఉందో లేదో చూస్తారు, ఫైల్లో పడేస్తారు. సిఫారసు అన్నాక పేరులోనే ఉందిగా, కాస్త రసం ఉంటుంది.”

“ఉండొచ్చండీ. కానీ ఒకే కాయని ఐదుసార్లు పిండారు.”

“అయినా ఆరుగురూ ఒకే చోట ఎందుకు పడ్డారండీ? ఒకడు సివిల్‌కి, ఒకతి కెమిస్ట్రీకి, ఒకడు ఫిజిక్స్‌కి... తలా ఓ విభాగానికి పెట్టుకున్నారు కదా ఈ పోస్ట్ డాక్టరల్ ఉద్యోగాలకి?”

“విభాగాలు వేరే గానీ, ఈ ఏడు కమిటీ ఒకటేనండీ. సైన్సు, ఇంజినీరింగు, అన్నిటికీ కలిపి ఒకటే బల్ల. బల్ల మీద తమరి ఉత్తరాలు ఆరూ పక్కపక్కనే. ఐదైతే అన్నదమ్ముల్లా ఉన్నాయట.”

“ఎన్ని ఉత్తరాలయ్యా ఈ ఉద్యోగానికి! పీహెచ్‌డీ అయ్యాక కూడా వీడు మంచివాడే అని ఇంకోడు రాసివ్వాలా?”

“పేరులోనే ఉంది కదండీ. పోస్టు అంటే ఉత్తరాలు. మా ఆఫీసులో ఉత్తరాల్ని డాకు అంటాం. పోస్టు డాకు అంటే ఉత్తరాల మీద ఉత్తరాలు.”

“సరే సరే. ఇప్పుడేం చెయ్యమంటారట?”

“ఆరుగురి గురించీ మళ్లీ రాయమన్నారు. ఎవరు ఏం చేశారో, దేంట్లో దిట్టో. సొంత చేత్తో. టైపు కుదరదు. నాలుగింటికల్లా నా చేతికి రావాలి.”

“చేత్తోనా? నేను చేత్తో రాసి ఎన్నేళ్లయిందో తెలుసా? నా చేతిరాత నాకే అర్థం కాదు.”

“డాక్టర్ల రాత అంతేనండీ. కానీ తమరి చేతిరాత మీద ఆరుగురి తలరాత ఉంది.”

“అబ్బబ్బ... నాలుగింటికా?”

“కావాలంటే నేను సాయం చేస్తానండీ. నేను అడుగుతా, తమరు చెప్పండి. ఆ తుప్పు తమ్ముడున్నాడు చూడండి, బక్కగా, కళ్లజోడు. దేని మీద పనిచేశాడు?”

“ఏముందీ, తుప్పు మీద.”

“తుప్పు గురించి ఏం కనిపెట్టాడు?”

“పడుతుందని.”

“...రాయమంటారా?”

“వద్దు. ఇంకొకరిని అడగండి.”

“బ్యాటరీ చెల్లి?”

“ఆ! ఆ అమ్మాయి మంచి అమ్మాయి. బ్యాటరీలో ఏదో... లోపల ఏదో పెరుగుతుంది. అది పెరక్కుండా... ఛార్జింగు తొందరగా ఎక్కేట్టు...”

“తమరికి ఎక్కిందాండీ?”

“చూడండి సూపర్నెంటు గారూ, నిజం చెప్పేస్తున్నాను. ఆ ఉత్తరాలు నేను రాయలేదు.”

“అయ్యో! మరెవరండీ?”

“ఆ ఆశ్చర్యం ఆపండి. మీకు తెలుసని నాకు తెలుసు. మా సీనియర్ అమ్మాయి. తొమ్మిదేళ్లుగా ఆవిడే రాస్తుంది. ఉత్తరాలు ఆవిడే, రిపోర్టులు ఆవిడే. నేను సంతకం పెడతాను.”

“చదివి?”

“నమ్మి!”

“సంతకం పెట్టమంటే సంతే పెట్టారన్నమాట.”

“మీకు వెటకారం ఎక్కువైంది.”

“పాత జబ్బండీ. ఇంతకీ ఆరో ఉత్తరం చూశారా? మిగతా ఐదింటితో పోలిక లేనిది? చదవనా?”

“చదవండి.”

“‘ఈమె వేళకు వస్తుంది. వెళ్లేటప్పుడు లైట్లు ఆర్పుతుంది. చెప్పిన పని చేస్తుంది. ఈమెపై ఫిర్యాదులు లేవు.’ అంతేనండీ. కింద తమరి సంతకం, బ్రహ్మాండంగా ఉంది.”

“ఇదేమిటీ, వాచ్‌మన్ ఉద్యోగానికి రాసినట్టు! ఎవరి గురించి?”

“రాసినావిడ గురించేనండీ. పిలవమంటారా?”

“పిలవండి. డాక్టరమ్మా! ఓ డాక్టరమ్మా! ఒకసారి ఇలా రా!”

“వస్తున్నా సార్! శాంపిలు లోపల ఉంది, తలుపు వేసి వస్తున్నా... చెప్పండి సార్. నమస్తే బాబాయ్ గారూ, మీరేంటి ఇలా వచ్చారు?”

“పని మీదే వచ్చానమ్మా. నీ పని మీద.”

“కూర్చో తల్లీ. ఇదేమిటిది?”

“ఉత్తరం సార్.”

“ఎవరి ఉత్తరం?”

“మీదే సార్. కింద మీ సంతకం ఉంది కదా.”

“పైన ఎవరి గురించి?”

“నా గురించే.”

“లైట్లు ఆర్పుతుందా! ఇదీ ఒక సిఫారసేనా?”

“అబద్ధం ఒక్కటీ లేదు కదా సార్.”

“అదే దానికొచ్చిన తెగులు! మిగతా ఐదుగురినీ మేఘాల మీద కూర్చోబెట్టావు. ‘అద్వితీయ ప్రతిభ.’ అద్వితీయం అంటే రెండోది లేదని కదమ్మా? ఐదుగురు అద్వితీయులు ఎలా ఉంటారు?”

“ఒక్కొక్కళ్లు ఒక్కోరోజు వచ్చారు సార్. వచ్చినరోజుకి వాళ్లే అద్వితీయులు.”

“మన్నించండి ప్రొఫెసరు గారూ, నాకు నవ్వాగటం లేదు.”

“నవ్వకండి బాబాయ్ గారూ! ముందు సిమెంటు తమ్ముడు వచ్చాడు. ‘అక్కా, మా నాన్న ఇదే ఆఖరుసారి అన్నాడు, ఇది రాకపోతే బావ కొట్లో కూర్చోమంటున్నాడు’ అని గుమ్మంలో నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు. జాలేసి ఓ మంచి వాక్యం రాశాను. వాడు ఊరుకోవచ్చుగా, వెళ్లి బ్యాటరీ చెల్లికి చూపించాడు. అది పరిగెత్తుకొచ్చి ‘అక్కా, నాకూ అదే కావాలి’ అంది. ఎముకల అబ్బాయి, ఆకుల పిల్ల, వరసకట్టారు. తుప్పు తమ్ముడైతే ‘నాకు వాళ్లకన్నా పెద్దది రాయక్కా’ అన్నాడు. వాళ్లకన్నా పెద్దది భాషలోనే లేదు. అదే రాసి చివర్న ‘నిస్సందేహంగా’ అని తగిలించాను.”

“పొగడ్తలో పొగే కనపడుతోంది గానీ పొయ్యి కనపడటం లేదన్నారమ్మా కమిటీవారు.”

“అందరికీ ఒకే కమిటీ అని నాకేం తెలుసు బాబాయ్ గారూ? ఎప్పుడూ ఏ విభాగానికి ఆ కమిటీయే కదా!”

“సరే, వాళ్ల సంగతి వదిలెయ్. నీది? నీకేమొచ్చింది?”

“నా వంతు వచ్చేసరికి విశేషణాలన్నీ అయిపోయాయి సార్.”

“డిక్షనరీ లేదూ?”

“ఉంది. మూడుసార్లు మొదలుపెట్టాను. ‘ఈమె అసాధారణ...’ అని రాయడం, కొట్టెయ్యడం. నా గురించి నేనే రాసి, అది మీరన్నారని పెట్టి, మీ చేత సంతకం పెట్టించుకోవడానికి... చెయ్యి రాలేదు సార్. అద్దం ముందు నిలబడి నాకు నేనే దణ్ణం పెట్టుకున్నట్టుంది.”

“నాకు ఓ మాట చెప్పొచ్చు కదా?”

“ఏమని సార్? నన్ను పొగడండి అనా?”

“అమ్మా, నీ ప్రాజెక్టు ఎప్పటితో అయిపోతోంది?”

“శుక్రవారంతో బాబాయ్ గారూ.”

“శుక్రవారమా? ఈ శుక్రవారమా? నాకు చెప్పలేదే!”

“చెప్పాను సార్. కాగితం మీద సంతకం కూడా పెట్టారు.”

“అయితే మాత్రం ఏమైంది? ఇది రాకపోతే వచ్చే ఏడాది పెట్టుకుందువుగాని. వయసేం మించిపోయింది?”

“వయసు కాదు సార్, రూలు. పీహెచ్‌డీ అయిన ఐదేళ్లలోపే పెట్టుకోవాలి. నాకు ఈ నెలాఖరుతో ఐదేళ్లు నిండుతాయి. ఇది పోతే ఇంక ఈ గుమ్మం ఎక్కే పనే లేదు. మా అత్తగారు ఇప్పటికే అడుగుతోంది, ‘డాక్టరయ్యావుగా, మోకాళ్ల నొప్పికి మందైనా రాయవేం’ అని.”

“ఇంకో ప్రాజెక్టు రాద్దాం. ఇక్కడే ఉండొచ్చు.”

“రాద్దాం అంటే నేను రాస్తాను, మీరు సంతకం పెడతారు.”

“అలా దెప్పుతావేం? ఇంతకీ ఎక్కడికి పెట్టుకున్నావు?”

“మెకానికల్‌కి సార్.”

“ఆ ఎదురు బిల్డింగుకా! అక్కడేముంది? చీకటి వరండా, నట్లూ బోల్టులూ, నూనె కంపూ!”

“వణుకు మీద పని ఉంది సార్. యంత్రాల వణుకు. నేను చెయ్యాలనుకున్న పని. నా పేరు మీద.”

“ఇక్కడ నీ పేరు లేదా?”

“ఎందుకు లేదు సార్. హాజరుపట్టీలో ఉంది.”

“ఏమ్మా, నోరు లేదనుకున్నాను. తాళం వేసుకున్నావన్నమాట ఇన్నాళ్లూ.”

“మీరాగండి సూపర్నెంటు గారూ. తల్లీ, కాస్త ఆలోచించు. నువ్వు వెళ్తే మైక్రోస్కోపులో ఫిలమెంటు ఎవరు మారుస్తారు? కంపెనీవాళ్లతో ఎవరు పోట్లాడతారు? పిల్లల థీసిస్‌లు ఎవరు దిద్దుతారు? నా పేపర్లు, నా ఉపన్యాసాలకి బొమ్మలు, నా...”

“మీ ఉత్తరాలు.”

“ఆ, నా ఉత్తరాలు!”

“అయితే నేను వెళ్లడం మీకు ఇష్టం లేదు.”

“అలా అన్నానా?”

“అనలేదు సార్. ఏకరువు పెట్టారు.”

“గైడంటే దారి చూపించేవాడు అనుకున్నానండీ ఇన్నాళ్లూ. దారికి అడ్డంగా కూర్చున్నా గైడే అంటారా?”

“సూపర్నెంటు గారూ!”

“నోరు జారిందండీ. జారిన నోటితోనే ఇంకో మాట. మూడవుతోంది.”

“నేను వెళ్తాను సార్. శాంపిలు లోపల పెట్టి వచ్చాను. ఆ ఐదుగురికీ ఏం రాయాలో చీటీ మీద రాసిస్తాను, చూసి చేత్తో ఎక్కించండి. నాది అలాగే ఉంచెయ్యండి.”

“అలాగే అంటే?”

“లైట్లు ఆర్పుతుంది అని. అందులో మీరు మార్చాల్సింది ఏమీ లేదు కదా.”

“కూర్చో.”

“శాంపిలు...”

“కూర్చోమన్నానా! శాంపిలు ఎక్కడికీ పోదు. సూపర్నెంటు గారూ, కాగితం ఉందా? కలం ఇలా ఇవ్వండి... ఇదేం కలమండీ, రాయదే?”

“టోపీ తియ్యాలండీ. పెట్టడమే అలవాటైపోయింది తమరికి.”

“...‘ఈమె’ అని మొదలెట్టనా?”

“నేను చెప్పను సార్.”

“ఒక్క విశేషణం చెప్పవే తల్లీ.”

“లేవు సార్. మొత్తం పంచేశాను.”

“సూపర్నెంటు గారూ, మీరైనా...”

“నేను ఆఫీసువాణ్నండీ. నాకు ‘విషయము’, ‘సూచిక’ తప్ప ఏమీ రావు.”

“హు... చూడకు, నువ్వు కిటికీవైపు తిరిగి కూర్చో. ఎవరైనా చూస్తుంటే నాకు రాయడం రాదు.”

“మూడుంబావు అయిందండీ.”

“మూడు నెలలా, నాలుగు నెలలా?”

“ఏది సార్?”

“ఆ లిఫ్టు.”

“మూడు నెలలా పదకొండు రోజులు.”

“కుర్చీ ఎక్కడ వేసుకున్నావు?”

“రెండో అంతస్తులో, మెట్ల దగ్గర.”

“నేనోసారి అటుగా వస్తూ ఏదో అన్నాను నిన్ను.”

“‘గాలికి కూర్చున్నావా’ అన్నారు.”

“నువ్వేమన్నావు?”

“అవును సార్ అన్నాను.”

“మూడు ఇరవై ఐదండీ.”

“అయింది. ఇదిగో. చదివి సీలు వేసెయ్యండి.”

“తమరే చదవండి, తమరి రాత కదా.”

“నేను చదవలేను. అంటే, రాత బాగాలేదు. మీరే చదవండి.”

“సరేనండీ. కళ్లజోడు... ఆ. ‘కమిటీవారికి. ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. అలవాటు లేదు కాబట్టి తప్పులుంటే మన్నించండి. మా మైక్రోస్కోపులో బొమ్మ వణికేది. రెండేళ్లపాటు నేను కంపెనీవాళ్లని తిట్టాను. ఈమె మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని మూడు నెలలా పదకొండు రోజులు లిఫ్టు ఎప్పుడు కదిలిందో నిమిషాలతో సహా రాసుకుంది. బొమ్మ ఎప్పుడు వణికిందో దాని పక్కన రాసుకుంది. రెండూ ఒకటే. తిట్టాల్సింది కంపెనీని కాదు, లిఫ్టుని అని తేల్చింది. ఆ వణుకు తగలకుండా మైక్రోస్కోపు కింద పెట్టే పీఠాన్ని తనే గీసి, తనే చేయించింది. ఇప్పుడు నాలుగు చోట్ల అదే పీఠం వాడుతున్నారు. దానికి పతకం నాకిచ్చారు. ఫొటో ఆమె తీసింది.’”

“ఆగారేం? ఇంకా ఉంది.”

“దుమ్ము పడిందండీ కంట్లో. ‘ఐదేళ్లుగా నా పేరుతో వచ్చిన ఉత్తరాలన్నీ ఈమె రాసినవే. మీకు నచ్చినవైతే ఈమెని మెచ్చుకోండి, నచ్చనివైతే చదవకుండా సంతకం పెట్టిన నన్ను తిట్టండి.’ ఐదేళ్లు కాదండీ, తొమ్మిది.”

“కొట్టేసి తొమ్మిది వెయ్యండి.”

“‘ఈమె వెళ్లిపోతే నాకు చాలా ఇబ్బంది. అందుకని ఈమెని తీసుకోవద్దని మిమ్మల్ని కోరదామనుకున్నాను. ఆ వాక్యం రాయబోతే సిగ్గేసింది. తీసుకోండి.’ అంతేనండీ.”

“అంతే.”

“ఏమ్మా? కిటికీలోంచి ఏం కనపడుతోంది?”

“మెకానికల్ బిల్డింగు బాబాయ్ గారూ. ఆ కాగితం ఒకసారి ఇలా ఇస్తారా?”

“ఇవ్వకూడదమ్మా. రహస్యం. అభ్యర్థి కంటపడకూడదు. ఇందాక పైకి చదివింది పొరపాటు.”

“సార్...”

“తప్పులున్నాయా?”

“వినడంలో కనపడలేదు సార్.”

“ఉన్నా ఉండనీ. దిద్దావంటే మళ్లీ నీ ఉత్తరం అయిపోతుంది. పో, పోయి ఆ తుప్పు తమ్ముణ్ని పిలుచుకురా. తుప్పు గురించి ఏం కనిపెట్టాడో వాడి నోటితోనే వింటాను. తర్వాత బ్యాటరీ చెల్లి. ఒక్కొక్కళ్లకీ ఆరు నిమిషాలు.”

“మీరే వింటారా సార్?”

“ఏం, చెవులు కూడా నీవేననుకున్నావా? పో!”

“వెళ్తున్నా సార్. వెళ్తున్నా... తుప్పూ! ఒరే తుప్పూ! సార్ పిలుస్తున్నారు, ఉత్తచేతులతో రాకు, నీ గ్రాఫులు తెచ్చుకో!”

“చూశారా సూపర్నెంటు గారూ, ఆ నడక? తొమ్మిదేళ్లలో ఆ అమ్మాయి వరండాలో పరిగెత్తడం ఇదే చూడటం.”

“నేనూ ఇదేనండీ.”

“మొదట మండిందనుకోండి. కానీ ఆ కమిటీ ఛైర్మనెవరో గట్టివాడు. ముప్పై ఏళ్లలో నన్ను కూర్చోబెట్టి నిజం రాయించినవాడు లేడు. ఆ ఫోను ఇలా జరపండి, ఒక్క ముక్క థాంక్స్ చెప్పి పెట్టేస్తాను.”

“ఇప్పుడొద్దండీ. ఆయనకి అర్థం కాదు.”

“ఎందుకు అర్థం కాదయ్యా? చదివి తిప్పి పంపింది ఆయనే కదా?”

“ఆ ఉత్తరాలు ఇంకా నా బీరువా దాటలేదండీ.”